మందులకు లొంగని సూక్ష్మజీవులు

మానవుడు వ్యాధులపై సాధించిన విజయాలలో యాంటీబయాటిక్ మందుల ఆవిష్కరణ ప్రధానమైనది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే అక్కడ ఆరియోమైసిన్ రూపుదిద్దుకొన్నది. అయితే చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు పెన్సిలిన్‌ను తట్టుకొనడం నేర్చుకొంటాయని 1945లో నోబెల్ బహుమానం పొందిన సందర్భంలోనే ఫ్లెమింగ్ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక నేడు నిజమైనది. మందులకు లొంగని బాక్టీరియా వలన 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించినట్లు శాస్త్రజ్ఞుల అంచనా.

ఇది ఎట్లు సంభవిస్తుంది? అనుకూల పరిస్థితులలో కొన్ని రకాల బాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. కోట్ల సంఖ్యలో పెరిగే ఆ సంతతిలో ఏ కొన్నింటికో జన్యువుల మార్పు వలన మందును తట్టుకొనే శక్తి కలుగుతుంది. మందు బలహీనమైన వాటిని చంపుతుంది. తట్టుకొన్నవి మిగిలి వృద్ధి పొందుతాయి. అంతేగాక, ఆ శక్తినిచ్చే జన్యువులను ఇతర జాతుల బాక్టీరియాకు సైతం అందజేస్తాయి. కనుక ఒకరు అనవసరంగా వాడిన మందు ఫలితాన్ని మరొకరు అనుభవించవలసి వస్తుంది.

ఔషధ పరిశ్రమకు పేరుగాంచిన మన నగరానికి ఈ సమస్యతో దగ్గరి సంబంధం ఉన్నది. పటాన్‌చెరు వద్ద సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో సైతం అంత మోతాదు ఉండదు.

కర్మాగారాలను అదుపుచేయడం ప్రభుత్వ బాధ్యత. మరి మన బాధ్యత ఏమిటి? అమీర్‌పేట హాస్టళ్లలో దూరప్రాంతాల విద్యార్థులు వేలాదిగా నివసిస్తున్నారు. జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా గదిలోని మిత్రుడి వద్ద మిగిలిన మాత్రలు మింగడం, మందుల దుకాణంలో అడిగి రెండు మాత్రలు కొనడం సులభంగా తోస్తుంది. కాని జలుబు వైరస్ వలన వచ్చేది. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. 2014లో అమలులోకి వచ్చిన హెచ్-1 షెడ్యూలు ప్రకారం, అందులో చేర్చిన యాంటీబయాటిక్ మందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. అమ్మకం వివరాలను ప్రత్యేక పుస్తకంలో వ్రాసి మూడేళ్లు భద్రపరచాలి. చట్టం ఉన్నది; కొనేవారికి వివేకం ఉన్నప్పుడే అది సార్థకమవుతుంది.

అమీర్‌పేటకు పక్కనే పంజాగుట్టలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. అక్కడ మూత్రపిండం మార్పిడి చేయించుకొన్న రోగి, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా తన రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించుకొని జీవించాలి. అట్టివానికి బాక్టీరియా సోకితే యాంటీబయాటిక్ ఒక్కటే రక్ష. అది పనిచేయని నాడు ఎంతటి నిపుణుని శస్త్రచికిత్స అయినా వ్యర్థమే.

“నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్” అన్నారు పెద్దలు. అరకొర వైద్యుడు ప్రాణాలకు ముప్పు. విద్యార్థులారా! డాక్టరు చెప్పనిదే యాంటీబయాటిక్ వాడకండి. చెప్పినప్పుడు ఆ మోతాదులో, అన్ని రోజులూ వాడండి. మీ మందును ఇతరులకు ఇవ్వకండి. పెద్దల పరిశోధనల వలన మనకు దక్కిన ఈ సంపదను రాబోయే తరానికి పదిలంగా అప్పగించడం మన కర్తవ్యం.