టిహువానా నుంచి కాబో దాకా కారులో

ప్రశ్న: కాలిఫోర్నియా నుంచి సొంత కారులో మెక్సికోలోని బాహా తీరానికి వెళ్లాలంటే ఏమేం చూసుకోవాలి?

జవాబు: బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం పొడవునా, టిహువానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా సాగేది 1వ నంబరు జాతీయ రహదారి. 1973లో పూర్తయిన ఈ దారి సుమారు 1,700 కిలోమీటర్లు. చాలాచోట్ల రెండు వరుసలే. బండి పక్కకు దింపుదామన్నా జాగా ఉండదు. చీకటి పడితే పశువులు రోడ్డెక్కుతాయి కనుక పొద్దుగూకేలోగా బస చేరుకోవాలి.

అసలు చిక్కు పెట్రోలుతోనే. ఎల్ రోసారియో దాటాక దాదాపు 300 కిలోమీటర్ల ఎడారిలో నమ్మదగ్గ బంకు లేదు. కాతావిన్యా దగ్గర డబ్బాల్లో అమ్మేవాళ్లు కనిపిస్తారు గానీ, ట్యాంకు ముందే నింపుకోవడం మేలు.

అమెరికా కారు బీమాను మెక్సికో చట్టం గుర్తించదు. అక్కడి బీమా విడిగా తీసుకోవాలి. గడువున్న అమెరికా వీసా గల భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదు, ప్రవేశ అనుమతి మాత్రం సరిహద్దులో పొందాలి. కారుకు తాత్కాలిక దిగుమతి పత్రం లా పాస్ నుంచి ఫెర్రీలో ప్రధాన భూభాగానికి దాటితేనే అవసరం.

జనవరి–మార్చి మధ్య గెర్రెరో నెగ్రో, సాన్ ఇగ్నాసియో దగ్గరి ఉప్పుకయ్యల్లో పిల్లలతో ఈదే బూడిదరంగు తిమింగలాలను చూడవచ్చు. ఆగస్టు–అక్టోబరు తుపానుల కాలం.