చిన్న పనులు – కొండంత ధైర్యం



మనలో చాలామందికి బదిలీ కొత్త కాదు. ఉత్తర్వు రాగానే ఇంట్లో అందరికీ చేతినిండా పని. నాన్నగారు టీసీల కోసం, లారీ కోసం తిరుగుతారు. అమ్మ సామాను సర్దుతుంది. మీరు స్నేహితుల ఫోన్ నంబర్లు రాసుకుంటారు. ఈ హడావిడిలో ఒకరి సంగతి ఎవరికీ పెద్దగా గుర్తుండదు. బాలవాటికలోనో ఒకటో తరగతిలోనో చదివే మీ తమ్ముడి సంగతి. చెల్లి అయినా ఇంతే.

పాత ఊళ్లో వాడికి అన్నీ తెలుసు. స్కూలు వ్యాన్ ఎక్కడ ఆగుతుందో, తన తరగతి ఏ వరండాలో ఉందో, ఏ ఆంటీ పిలిచి బిస్కెట్ ఇస్తుందో తెలుసు. కొత్త ఊళ్లో అవేవీ పనికిరావు. అప్పటిదాకా గలగలా మాట్లాడినవాడు అమ్మ కొంగు వదలడు. నీళ్ల సీసా మూత రాక దాహంతోనే ఇంటికొస్తాడు. మరుగుదొడ్డికి వెళ్లాలని ఏ భాషలో అడగాలో తెలియక గంటలకొద్దీ ఓర్చుకుంటాడు. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఇలాంటి పసివాళ్లను చూశాను. టీచరుకు ఈ సంగతి తెలిసేలోగా కొన్ని రోజులు గడిచిపోతాయి. ఇంట్లో ఉన్న అక్కకో అన్నకో మాత్రం మొదటిరోజే తెలుస్తుంది. అందుకే ఈ పాఠం మీ కోసం.

ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

"భయపడకురా, ధైర్యంగా ఉండు" అని పెద్దలు అంటారు. మాట మంచిదే. కానీ గట్టు మీద నిలబడి ఎంత చెప్పినా ఈత రాదు, నీళ్లలో దిగాలి. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఈ విషయాన్ని వివరంగా రాశారు. "నేను చేయగలను" అన్న నమ్మకానికి ఆయన నాలుగు మూలాలు చూపించారు. తాను స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేస్తుండగా చూడడం, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, ఆ సమయంలో శరీరం, మనసు ఉన్న స్థితి. వీటన్నిటిలో బలమైనది మొదటిదే అన్నారు. మనం సాధారణంగా వాడేది మాత్రం మూడోదే.

1907లో రోమ్ నగరంలో పేదపిల్లల కోసం బడి తెరిచిన మారియా మాంటిస్సోరి కూడా ఇదే దారిలో నడిచారు. గుండీలు పెట్టుకోవడం, నీళ్లు వంపడం, ఊడ్వడం ఆమె బడిలో పాఠాలు. ఒకరోజు ఆమె చేతిరుమాలుతో ముక్కు ఎలా శుభ్రం చేసుకోవాలో నెమ్మదిగా చేసి చూపించారట. పిల్లలు చప్పట్లు కొట్టారు! ముక్కు కారుతోందని తిట్టేవాళ్లే తప్ప ఏం చేయాలో చూపించినవాళ్లు అంతవరకూ వాళ్లకు లేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆమె మద్రాసు అడయారులో, కొడైకెనాల్‌లో ఉండి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

మీరేం చేయవచ్చు?

మొదటిది, పనిని చిన్న మెట్లుగా విడదీయండి. బూటు లేసు కట్టడం మనకు ఒక పని, ఐదేళ్లవాడికి నాలుగైదు పనులు. చివరి బిగింపు ఒక్కటే ముందు వాడికి వదలండి. అది వచ్చాక దాని ముందు మెట్టు. అలా చేస్తే ప్రతిరోజూ పని పూర్తిచేసింది వాడే అవుతాడు.

రెండోది, ఒకసారి నెమ్మదిగా చూపించి చేతులు వెనక్కి పెట్టుకోండి. అన్నం దగ్గర చిన్న చెంబుతో గ్లాసుల్లో నీళ్లు పోయమనండి. రెండు చుక్కలు ఒలుకుతాయి. తిట్టకండి, గుడ్డ ఎక్కడుందో చూపించండి. ఒలికినదాన్ని తుడవడం నేర్చినవాడికి ఒలుకుతుందన్న భయం తగ్గుతుంది. పొయ్యి, కత్తి, రోడ్డు దాటడం మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే.

మూడోది, వాడి తరఫున మీరు మాట్లాడకండి. "నీ పేరేమిటి బాబూ?" అని ఎవరైనా అడిగితే మనం చటుక్కున జవాబిచ్చేస్తాం. మనసులో పది అంకెలు లెక్కపెట్టి ఆగండి. చాలాసార్లు ఏడో ఎనిమిదో అంకె దగ్గర జవాబు వస్తుంది.

నాలుగోది, బడికి కావలసిన రెండు మూడు మాటలు ముందే ఆటగా నేర్పండి. మీరు టీచరు, వాడు విద్యార్థి. "మేడమ్, టాయిలెట్ జానా హై", "పానీ పీనా హై", "మూత రావడం లేదు, సాయం చేయండి" అన్న మాటలు అక్కడి భాషలో. సాయం అడగగలగడం కూడా ధైర్యమే. అంగడికి వెళ్లినప్పుడు ఒక వస్తువు వాడినే అడగనివ్వండి, మీరు వెనక నిలబడండి. ఉత్తరాదిలో కొత్తిమీర కావాలంటే "హరా ధనియా" అనాలి. మన తెలుగిళ్లలో ధనియాలంటే గింజలే కాబట్టి ఈ తేడా వాడికి భలే నవ్వు తెప్పిస్తుంది. నవ్వుతూ నేర్చిన మాట మరచిపోడు.

ఐదోది, మెచ్చుకునేటప్పుడు చేసిన పనిని చెప్పండి. "శభాష్, నువ్వు గ్రేట్" అంటే వాడికి ఏమీ అర్థం కాదు. "ఇవాళ నీ డబ్బా నువ్వే తెరిచావు, నిన్న రాలేదు" అంటే తాను ఎదిగానని వాడికే తెలుస్తుంది. పక్కింటి పిల్లాడితో మాత్రం పోల్చకండి.

ఇంటి భాష దాచుకోవద్దు

కొత్త బడిలో ఎవరికీ తెలుగు రాదని చిన్నవాళ్లు ముడుచుకుపోతారు. వాళ్లకు ఒక నిజం చెప్పండి. దేశమంతటా బడుల్లో చెప్పే ప్రతిజ్ఞను 1962లో మొదట తెలుగులోనే రాశారు. రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన ఆయన అప్పుడు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారి. అంటే మీ అమ్మానాన్నల్లాగే సొంతూరికి దూరంగా ఉద్యోగం చేసిన మనిషి. రాత్రి అన్నాలయ్యాక రోజుకో వాక్యం చొప్పున ప్రతిజ్ఞను వాడితో చెప్పించండి, తెలుగులోనూ, బడిలో చెప్పే భాషలోనూ. ప్రార్థన సభలో అందరితో గొంతు కలిపిన రోజున ఆ బడి వాడిది అవుతుంది.

ఈ వారం చేసి చూడండి

1. తమ్ముడు లేదా చెల్లి ఇంకా స్వయంగా చేయలేని మూడు పనులు రాయండి.
2. వాటిలో తేలికైనదాన్ని మెట్లుగా విడదీసి, వారం రోజులు చివరి మెట్టు వాళ్లకే వదలండి.
3. ఎవరైనా వాళ్లను ప్రశ్న అడిగినప్పుడు పది లెక్కపెట్టి ఆగండి.
4. శనివారం నాడు ఏ పని వచ్చిందో వాళ్ల నోటితోనే అమ్మానాన్నలకు చెప్పించండి.

ఇంట్లో మీరే చిన్నవాళ్లయితే పక్క క్వార్టర్‌లోని చిన్నారితో ఈ పని మొదలుపెట్టవచ్చు. మళ్లీ బదిలీ వస్తుంది, ఊరు మారుతుంది, బడి మారుతుంది. మూత తీయడం, మాట అడగడం నేర్చుకున్న చేతులూ నోరూ మాత్రం వాళ్లతోనే వస్తాయి. వాటిని లారీలోకి ఎక్కించాల్సిన పని లేదు.

మీ అందరికీ ఆశీస్సులతో,
మీ తెలుగు టీచర్