పాత ఫోనులో కొత్త యాప్: వెనుకకు వచ్చు దారి

గ్రామములలో ప్రభుత్వ కార్యములు పెక్కు ఇప్పుడు చేతి ఫోను ద్వారా జరుగుచున్నవి. మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద కూలీల హాజరును నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021 మే నెలలో ఒక యాప్‌ను ప్రవేశపెట్టినది. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా తక్కిన పనులన్నిటికిని 2023 జనవరి 1 నుండి దానిని తప్పనిసరి చేసినది. దినమునకు రెండుసార్లు పనిచోటనే ఫోటో తీసి పంపవలసి వచ్చెను. ఆనాటి నుండి మేటు చేతిలోని ఫోనే మస్టరు పుస్తకమైనది. అట్టి ఫోను నడుమలో మొరాయించినచో నష్టపడునది ఫోను గలవాడు కాదు, గడ్డపార పట్టిన కూలి. కావున యాప్ ఏ ఫోనులో సరిగా నడుచును, ఏ ఫోనులో నడువదు అను విషయము పంచాయతీ సభ్యులకును కొంత తెలిసియుండుట అవసరము.

ఫోనులోని యంత్రభాగములకును మనము వాడు యాప్‌లకును నడుమ నుండి పని జరిపించు మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మన గ్రామములలోని స్మార్ట్‌ఫోనులలో అధికభాగము గూగుల్ సంస్థవారి ఆండ్రాయిడ్ అను వ్యవస్థతో నడుచుచున్నవి. ఇంచుమించు ఏటేట దీనికొక కొత్త వెర్షన్ వెలువడును. 5వ వెర్షన్ 2014లోను, 10వది 2019లోను, 13వది 2022లోను వచ్చినవి. కాని ఫోను కొన్నవారందరికిని ఈ కొత్తవి అందవు. చౌక ఫోనులకు తయారీదారులు కొలది కాలములోనే అప్‌డేట్‌లు నిలిపివేయుట సామాన్యము. ఒకే యాప్‌ను వాడు నలుగురు మేట్ల ఫోనులలో నాలుగు వేర్వేరు వెర్షన్‌లుండుట వింత కాదు.

యాప్‌లో ఒక తెర నుండి మరియొక తెరకు పోవుటను, తిరిగి వచ్చుటను నావిగేషన్ అందురు. దారి వేయునది యాప్ తయారీదారే. అయినను దారికి కావలసిన సామగ్రిని చాలవరకు ఆపరేటింగ్ సిస్టమ్ సమకూర్చును. ఆ సామగ్రి కాలక్రమమున మారుచు వచ్చినది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోనులకు తెర క్రింద మెనూ, హోమ్, బ్యాక్ అను బటన్‌లు విడిగా ఉండెడివి. 2011లో వచ్చిన 4.0 వెర్షన్‌తో అవి తెరలోనికే చేరగలిగినవి. మెనూ బటన్‌కు మారుగా పైమూల మూడు చుక్కలు వచ్చినవి. 10వ వెర్షన్‌లో తెర అంచు నుండి వ్రేలితో లోనికి త్రోసినచో వెనుకకు పోవు పద్ధతి చేరినది. 13వ వెర్షన్‌లో, వెనుకకు పోయినచో ఏ తెర వచ్చునో ముందుగానే చూపు ఏర్పాటు మొదలైనది.

శిక్షణ తరగతులలో ఈ భేదమును పలువురు గమనింపరు. బోధించువారు తమ కొత్త ఫోనులో అంచును త్రోసి చూపుదురు. వినువాని పాత ఫోనులో త్రోసిన ఏమియు జరుగదు. క్రింద త్రిభుజపు గుర్తు నొక్కవలెను. తనకు చేతకాలేదనుకొని అతడు సిగ్గుపడి ఊరకుండును. తప్పు అతనిది కాదు.

ఇక యాప్ లోపములు. యాప్ తయారీదారు తాను నిర్ణయించిన కనీస వెర్షన్ కంటె పాతదగు ఫోనులో యాప్ ఎక్కనే ఎక్కదు. ఇది స్పష్టముగా తెలియును గనుక పెద్ద కీడు కాదు. ఎక్కిన పిదప, 13వ వెర్షన్‌లో మాత్రమే ఉన్న భాగమును యాప్ 9వ వెర్షన్ ఫోనులో పిలిచినచో, ఆ భాగము దొరకక యాప్ హఠాత్తుగా మూతపడును. అన్నిటికంటె చెడ్డది మరియొకటి కలదు. వెనుకకు వచ్చు దారిని కొత్త పద్ధతికి మాత్రమే వ్రాసి పాతదానిని మరచినచో, పాత ఫోనులో బ్యాక్ నొక్కగానే సగము నింపిన తెర మూసుకొనిపోవును. నింపిన పేర్లన్నియు పోవును. యాప్ బాగుగానే ఉన్నట్లు కనబడును గనుక, నింపినవాని యజాగ్రత్త అని అందరును తలంతురు.

దీనికి ఉపాయము తయారీదారులకు తెలియనిది కాదు. ప్రతి వెర్షన్‌కును ఒక అంతస్తు సంఖ్య ఉన్నది, 5.0కు 21, 10కి 29, 13కు 33. కొత్త భాగమును పిలుచుటకు ముందు, ఈ ఫోను సంఖ్య 33 గాని అంతకు మించి గాని ఉన్నదా అని యాప్ అడుగవలెను. లేనిచో పాత పద్ధతినే పాటింపవలెను. అంతకంటె సులభమైనది ఆండ్రాయిడ్‌ఎక్స్ అను సహాయక భాగముల సంపుటి. 2018లో గూగుల్ దీనిని ప్రకటించినది. వీనిని యాప్ తనతో మోసుకొనిపోవును గనుక, ఫోనులో లేని కొంత సామగ్రి వీని ద్వారా లభించును. వెనుకకు వచ్చు దారిని ఈ సంపుటి ద్వారా ఒక్కసారి వ్రాసినచో అది పాత కొత్త వెర్షన్‌లు రెండింటిలోను నడుచును.

జ్ఞాపకశక్తి తక్కువగల ఫోనులలో వేరొక చిక్కు కలదు. ఫోటో కొరకు కెమెరా తెరువగానే, చోటు చాలక, వెనుకనున్న యాప్‌ను ఫోను చంపివేయును. ఫోటో తీసి వచ్చుసరికి మొదటి తెర ఎదురగును. నింపుచున్న కొలది వివరములను ఎప్పటికప్పుడు భద్రపరచి, విడిచిన చోటికే తిరిగి తెచ్చుట తయారీదారు బాధ్యత. చదరంగములో పావులు కదలిన పిదప ఆట మొదటికి వచ్చినట్లుండరాదు.

పంచాయతీ చేయదగిన పని స్వల్పము. మేట్లు, సిబ్బంది వాడు ఫోనులలో సెట్టింగ్స్ తెరిచి, "ఫోను గురించి" అను భాగమున ఆండ్రాయిడ్ వెర్షన్ చూచి ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. 2017లో వచ్చిన జియోఫోను వంటివి కైఓఎస్‌తో నడుచునవి. వానిలో ఆండ్రాయిడ్ యాప్‌లు పనిచేయవు గనుక వానిని విడిగా వ్రాయవలెను. కొత్త యాప్ వచ్చినపుడు ఆ పుస్తకములోని మిక్కిలి పాత ఫోనులోనే ముందుగా పరీక్షింపుడు. సగము నింపి బ్యాక్ నొక్కుడు. ఫోటో తీసి తిరిగి రండు. ఫోనును అడ్డముగా త్రిప్పుడు. నడుమ ఒక ఫోను పిలుపు అందుకొని చూడుడు. చెడినచో "యాప్ పనిచేయుటలేదు" అని వ్రాసిన ప్రయోజనము లేదు. ఫోను పేరు, వెర్షన్, ఏ తెరలో ఏది నొక్కగా ఏమైనది వ్రాసినచో బాగుచేయువారు దానిని తమ యెదుట తిరిగి జరిపించి చూడగలరు.

పాత వెర్షన్‌లన్నిటిని ఎల్లకాలము మోయుట ఎవరికిని సాధ్యము కాదన్నది నిజమే. భద్రతా అప్‌డేట్‌లు ఆగిపోయిన ఫోనుకు ప్రమాదములును ఎక్కువ. 2023 అక్టోబరు 24న వాట్సాప్ సంస్థ 5.0 కంటె పాత ఆండ్రాయిడ్ ఫోనులకు సేవ నిలిపినది. అయితే కబుర్లు చెప్పుకొను యాప్ వేరు, కూలి లెక్క వ్రాయు యాప్ వేరు. ఇట్టిదానిని ఏదేని వెర్షన్‌కు నిలుపదలచినపుడు ఆ తేదీని కొన్ని నెలల ముందుగా గ్రామమునకు తెలుపవలెనని, అంతలోపల ఫోను మార్చుకొనలేని మేటుకు పంచాయతీ ఫోను గాని కాగితపు మస్టరు గాని అనుమతింపవలెనని పంచాయతీ తీర్మానించి మండల కార్యాలయమునకు పంపవచ్చును.