నారింజ ఘాటా, వట్టివేరు చలువా?

ప్రశ్న: తేర్ ద'ఎర్మెస్ పర్ఫ్యూమ్, దానిలోనే ‘ఓ ఇంటెన్స్ వెటివేర్’ రెండూ షాపులో కాగితం చీటీల మీద ఒకేలా అనిపించాయండీ. రోజూ ఆఫీసుకి ఏది కొనుక్కోమంటారు? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చీటీ మీద మీకు అందింది నిమ్మజాతి తొక్కల పరిమళమండీ. ఆ నూనెలు మహా తేలిక, అరగంటలోపే చాలావరకు ఎగిరిపోతాయి. అసలు తేడా ఆ తర్వాతే బయటపడుతుంది.

జాన్-క్లోద్ ఎలెనా 2006లో చేసిన మొదటిదానిలో నారింజ తొక్క చేదు, మిరియాల ఘాటు, చెకుముకి రాళ్లు రాసినట్టుండే పొడి వాసన, అడుగున దేవదారు. క్రిస్టీన్ నాజెల్ 2018లో తెచ్చిన రెండోదానిలో నారింజ వెనక్కి తగ్గి, బెర్గమాట్, జెరేనియం పచ్చిదనం, వట్టివేరు ముందుకొచ్చాయి. వేసవిలో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లగానే వచ్చే వాసన మీకు ప్రాణమైతే ఇక ఆలోచించక్కర్లేదు. మీ ఊరి ఉక్కలో, ఆఫీసు గదిలో నా ఓటు దానికే. గాఢత ఎక్కువుండే ‘ఓ ద పర్ఫ్యూమ్’ రకం కాబట్టి రెండు స్ప్రేలు చాలు.

కొనేముందు ఒక్కో మణికట్టుకి ఒక్కోటి కొట్టించుకుని, రుద్దకుండా బయటికి వచ్చేయండి. మూడు గంటలాగి వాసన చూడండి. మొదటిదానిలో ఐసో ఇ సూపర్ అనే కృత్రిమ దారుపరిమళం బాగా ఎక్కువ, కొందరి ముక్కుకి అది కాసేపటికే అందదు. వాసన పోయిందనుకుని మళ్లీ కొట్టుకోకండి, పక్క సీటువాళ్లని అడగండి.