గాజునార పని: గ్రామములో తొలి పాఠము

కడప జిల్లాలో పులివెందుల పరిసర గ్రామముల వారికి రాతినార క్రొత్త వస్తువు కాదు. బ్రాహ్మణపల్లె మున్నగు చోట్ల శ్రేష్ఠమైన రాతినార లభించినది; గనులలో కూలివారికి పని దొరకినది. కాని ఆ నార ధూళి ఊపిరితిత్తులలో చేరి, నయముకాని వ్యాధులను కలిగించునని వైద్యశాస్త్రము నిర్ధారించినది. 1986లో కేంద్ర ప్రభుత్వము ఆ గనులకు క్రొత్త లీజుల మంజూరును నిలిపివేసినది. కూడు పెట్టిన వస్తువే, జాగ్రత్త లోపించినచో, కీడు చేయగలదని ఆ అనుభవము తెలుపుచున్నది.

ఇప్పుడు మరియొక నార మన గ్రామముల వాకిటికి వచ్చినది. అది గాజునార, వాడుకలో ఫైబర్ గ్లాసు. వాహనముల మడ్గార్డులు, బంపర్లు, బానెట్లు, నీటి తొట్లు, పడవలు దీనితో తయారగుచున్నవి. వానను నమ్మి సేద్యము చేయు కర్నూలు, కడప సీమలలో, మరియొక చేతిపని కావలెనని కోరు యువకుడు ఈ పనికి పంచాయతీ అనుమతి అడిగెననుకొందము. సభ్యులు అతనిని ఏమి ప్రశ్నింపవలెను? ఏమి చూడవలెను? దానికి ముందు పని స్వరూపము తెలియవలెను.

గాజునార యనగా నేమి?

కరగిన గాజును సన్నని రంధ్రముల గుండ లాగి పోగులుగ చేయుదురు. ఆ పోగుల ముక్కలను చాపవలె పరచి అతికినదే మ్యాట్. దీనిని రెసిన్ అను చిక్కని ద్రవముతో తడిపి గట్టిపడనిచ్చినచో తేలికైన, త్రుప్పు పట్టని వస్తువగును. గోడమట్టికి గడ్డి బలమిచ్చినట్లు, రెసిన్‌కు ఈ నార బలమిచ్చును. 1953లో అమెరికాలో షెవ్రొలే సంస్థ కార్వెట్ అను కారు బాడీని దీనితోనే చేసి, ఆ ఏడు 300 బండ్లు తయారుచేసినది. మన పొరుగున బెంగుళూరులో సిపాని సంస్థ 1980 దశకములో డాల్ఫిన్ అను చిన్న కారును ఇట్లే చేసినది. రేకును వంచు భారీ యంత్రములు లేకయే చేతితో చేయదగియుండుట ఈ పనికి గల సౌకర్యము.

తొలి వస్తువు

నేర్చుకొనువాడు చిన్న మడ్గార్డుతో ప్రారంభించుట మేలు. పాత మడ్గార్డును కడిగి, నునుపు చేసి, మైనపు పాలిషును పలుమార్లు పట్టించి, దానిపై అచ్చు తీయవలెను. అచ్చు మందము వస్తువు మందమునకు రెట్టింపుండుట మంచిది. ఎదురు వంపులున్న వస్తువు అచ్చునుండి ఊడి రాదు. కనుక అట్టివానిని మొదట ఎన్నుకొనరాదు.

అచ్చు సిద్ధమైన పిదప దాని లోపలి ముఖమునకు మైనము పట్టించి, జెల్ కోటు పూయవలెను. అది వ్రేలికి జిగటగ తగులుచు, అంటుకొనని స్థితికి వచ్చినపుడు మ్యాట్ పరచి, రెసిన్‌ను కుంచెతో అద్ది, రోలరుతో గాలిబుడగలను వెడలగొట్టవలెను. బుడగ మిగిలినచోట వస్తువు పగులును. మరునాడు అచ్చునుండి తీసి, అంచులు కోయవచ్చును.

సామాను లెక్క సులభము. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర పరచిన సుమారు 1 మిల్లీమీటరు మందము వచ్చును. మూడు పొరలకు 1,350 గ్రాముల మ్యాట్ కావలెను. చేతిపనిలో మ్యాట్ తూకమునకు రెండున్నర రెట్లు రెసిన్ పట్టును. అనగా సుమారు 3 కిలోల 400 గ్రాములు. ఇది తెలిసినవాడే తన వస్తువుకు సరియైన ధర చెప్పగలడు.

మన ఎండ, ఈ రెసిన్

రెసిన్‌ను గట్టిపరచుటకు క్యాటలిస్టును కలుపుదురు. సాధారణముగ కిలోకు 10 నుండి 20 గ్రాములు. వేడి హెచ్చిన కొలది రెసిన్ త్వరగ బిగియును. కనుక వేసవిలో తక్కువ పాలు చాలును. ఒక్కసారి అరకిలోకు మించి కలుపరాదు. తెల్లవారుజామున, నీడపట్టున పనిచేయవలెను.

అంతకన్న ముఖ్యమైనది అగ్నిభయము. ఈ రెసిన్‌లోని స్టైరీను ఆవిరి సుమారు 31 డిగ్రీల వేడిలోనే నిప్పురవ్వ తగిలిన అంటుకొనును. కర్నూలు వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుట మనమెరిగినదే. ఆ ఆవిరి గాలికన్న బరువైనది. నేల వెంబడి ప్రాకి దూరపు పొయ్యిని చేరగలదు. కనుక పని చోట బీడీ, పొయ్యి, వెల్డింగు పనికిరావు. గోడ అడుగున కూడ గాలిదారి యుండవలెను.

క్యాటలిస్టును, యాక్సిలరేటరు అను కోబాల్టు ద్రవమును ఎన్నడును నేరుగ కలుపరాదు, అది పేలును. కోబాల్టు ముందే కలిపిన రెసిన్‌ను కొనుట క్షేమము. క్యాటలిస్టు కంటిలో పడిన చూపు పోవచ్చును. కళ్లద్దములు లేక సీసా తెరువరాదు. పడినచో తక్షణమే పావుగంటసేపు మంచినీటితో కడిగి ఆసుపత్రికి చేర్చవలెను.

ధూళి

గాజునార రాతినార వంటిది కాదు. దీని పోగులు లావైనవి. రాతినారవలె నిలువున చీలి సూక్ష్మములు కావు. అయినను అరగదీసినపుడు రేగు ధూళి చర్మమునకు దురద, కంటికి మంట, గొంతుకు దగ్గు కలిగించును. ఎమరీ కాగితమును నీటితో తడిపి రుద్దుట, ముఖమునకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించుట, పనిబట్టలను విడిగ ఉతుకుట నియమముగ పాటింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

ప్రమాదకరములగు వృత్తుల స్థలమును పరిశీలించి అనుమతినిచ్చుట పంచాయతీ బాధ్యత. పనిస్థలము ఇండ్లకు, గడ్డివాములకు, బడికి, మంచినీటి బావికి దూరముగ నున్నదా? ఇసుక బకెట్లు, మంటలార్పు సాధనము కలవా? మిగిలిన రెసిన్ కాలువలో పోయక, గట్టిపడనిచ్చి, చల్లారిన పిదప పారవేయుదురా? ఇవి అడుగవలసిన ప్రశ్నలు.

చట్టము సంగతియు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. పగిలిన మడ్గార్డుకు బదులు అట్టిదే అమర్చుట వేరు. బండి రూపమునే మార్చుట వేరు. స్టీరింగు, బ్రేకు, ఛాసిస్ వంటి, ప్రాణములు ఆధారపడు భాగములను ఈ పనిలో ఎన్నడును చేయరాదు.

అడిగిన యువకునికి వెంటనే కాదనుటయు, చూడక ఔననుటయు రెండును తప్పే. స్థలము చూచి, జాగ్రత్తలు వ్రాయించి, వేసవి రాకముందు ఒకసారి, వచ్చిన పిదప ఒకసారి తనిఖీ చేసిన పంచాయతీ, ఆ యువకునికి వృత్తిని, గ్రామమునకు క్షేమమును ఒక్కమారే సమకూర్చినదగును.