చిత్రకార్డు – రెండు ముఖముల చరిత్ర

చిత్రకార్డును చేతికిచ్చినచో ఎవరైనను ముందు బొమ్మవైపే చూచెదరు. విద్యార్థి దశలో మేమును అంతే. తాజమహలు, ఐఫిల్ గోపురము, ఈజిప్టు పిరమిడ్లు, చార్మీనారు – ఇట్టి కార్డులను ఒక అట్టపెట్టెలో దేశముల వారీగా పేర్చుకొని, ఎవరివద్ద ఎక్కువ ఉన్నవో లెక్క పెట్టుకొని మురిసిపోయితిమి. అంతటితో ఆగినను బాగుండెడిది. తపాలా బిళ్లల మోజుతో ఒక వేసవి సెలవులలో కార్డులను గిన్నెడు నీళ్లలో నానవేసి బిళ్లలను ఊడదీసితిమి. బిళ్లతోపాటు తపాలా ముద్రలో సగము పోయినది. సిరా కరిగి వ్రాత అలుక్కుపోయినది. అట్లు వెలవెలబోయిన కార్డులు నేటికిని మావద్ద ఉన్నవి. అవి ఏ సంవత్సరమున, ఏ ఊరినుండి, ఎవరికి వ్రాసినవో తెలిసికొను దారి లేదు. చేజేతులా చేసికొన్న ఆ నష్టమే ఈ వ్యాసమునకు మూలము.

మొదట కార్డు పుట్టుక. బొమ్మలేని సాదా తపాలా కార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగేరీ రాజ్యమున వెలువడినది. ఎమాన్యుయేల్ హెర్మన్ అను అర్థశాస్త్రాచార్యుడు, చిన్న కబురునకు పెద్ద ఉత్తరపు ఖర్చు ఎందుకని వాదించుటతో అది సాధ్యమైనది. మరుసటి యేడు అదే తేదీన బ్రిటను, 1879 జూలై 1న మన దేశము దానిని ప్రవేశపెట్టినవి. మనవద్ద దాని వెల పావు అణా, అనగా ఒక కానీ. సామాన్యునికి ఉత్తరము వ్రాసికొను భాగ్యము ఆ కానీతోనే కలిగినదనవచ్చును. బొమ్మ తరువాత వచ్చి చేరినది. 1889లో ప్యారిస్ ప్రదర్శనకై ఐఫిల్ గోపురమును కట్టినప్పుడు, లిబోనిస్ అను చిత్రకారుడు గీసిన గోపురపు బొమ్మతో కార్డులను అక్కడనే అమ్మినారు. చూడవచ్చినవారు చూచినదానిని ఇంటికి పంపుట అన్న అలవాటునకు అది గొప్ప ఊపునిచ్చినది. ఈ కార్డుల అధ్యయనమునకు గ్రీకు పదమునుండి ‘డెల్టియాలజీ’ అను పేరును 1945లో అమెరికాలో కల్పించినారు. పేరు గంభీరముగా ఉన్నను పని మాత్రము పదిమందికి అందునట్టిదే.

మన దేశమున పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఈ వ్యాపారము విస్తరించినది. మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్ పుస్తక సంస్థ దక్షిణాది ఊళ్లు, దేవాలయములు, వీధుల కార్డులను ప్రచురించినది. ఢిల్లీ చాందినీ చౌకులో హెచ్. ఏ. మీర్జా అండ్ సన్స్ అను ఛాయాచిత్రకారులు ఢిల్లీ కట్టడములతోపాటు మక్కా, మదీనాల చిత్రములను గూడ కార్డులుగా తెచ్చినారు. అయితే ఇచ్చట ఒక విచిత్రమున్నది. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు మన దేశపు కార్డులలో చాలభాగము జర్మనీలో అచ్చయినవి. నలుపు తెలుపుల ఛాయాచిత్రము ఇచ్చటినుండి ఓడలో పోయెడిది. అక్కడి పనివారు రంగులద్దెడివారు. మన ఎండను, మన రాతిని, మన చీరల రంగును కన్నులార చూడనివారు ఊహించి వేసిన రంగులవి. కావున పాత కార్డులో ఒక గోపురము గులాబి రంగున ఉన్నదని, ఆ కాలమున దానికి ఆ రంగే వేసినారని పరీక్షలో వ్రాయరాదు. భూతద్దముతో చూచిన రహస్యము కొంత తెలియును. బొమ్మ సన్నని చుక్కలుగా విడిపోయినచో అది అచ్చుకార్డు. ఎంత పెంచి చూచినను నీడలు ఎడతెగక సాగినచో నిజమైన ఛాయాచిత్రమునే కార్డు కాగితముపై వేసినారని గ్రహింపవచ్చును.

ఇక కార్డును చరిత్రాధారముగా చదువుట ఎట్లు? దీనికి వెనీసు నగరము మంచి పాఠము చెప్పును. అక్కడి సెయింట్ మార్క్ చౌకులోని గంటగోపురము 1902 జూలై 14న కుప్పకూలినది. దానిని తిరిగి కట్టి 1912లో ప్రారంభించినారు. కావున గోపురము లేని చౌకు కార్డులో కనబడినచో ఆ ఛాయాచిత్రము ఈ రెండు సంవత్సరముల నడుమదే. గోపురమున్నదా, ఒక్కసారిగా నిర్ణయింపరాదు. 1905 తపాలా ముద్రగల కార్డులో గోపురము నిక్షేపముగా నిలిచి ఉండవచ్చును. వ్యాపారి తనవద్దనున్న పాత బొమ్మనే అమ్ముచుండవచ్చును గదా! బొమ్మ తీసిన కాలము, అచ్చయిన కాలము, తపాలాలో పడిన కాలము – ఈ మూడును వేరు వేరు. కొత్తగా సేకరణ మొదలిడువారు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే.

ఇట్టి ఆనవాళ్లు మన ఇంటిచుట్టును కలవు. 1591లో కట్టిన చార్మీనారునకు నాలుగు దిక్కుల గడియారములు అమర్చినది 1889లో. గడియారము కనబడు చిత్రము ఆ యేటికి ముందుది కాజాలదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. దాని స్థానమున నిలిచిన కొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగినది. నేడు అక్కడికి పోయి ఎంత మంచి కెమెరాతో చిత్రించినను రాయలనాటి గోపురము రాదు. రైలుదిగి వచ్చిన యాత్రికుడెవరో కొన్న చవక కార్డులో మాత్రము అది నిలిచియున్నది. కొనునపుడు అతడు దానిని చరిత్రాధారమని తలచియుండడు. 

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పక తప్పదు. బోస్నియాలోని మోస్తార్ పట్టణమున 1566లో పూర్తియైన ఒంటికమాను రాతివంతెనను ఉస్మానియా సామ్రాజ్యపు శిల్పి మిమార్ హైరుద్దీన్ నిర్మించినాడు. నాలుగు శతాబ్దులకు పైగా నిలిచిన ఆ వంతెన 1993 నవంబరు 9న యుద్ధములో ఫిరంగి దెబ్బలకు నదిలో కూలినది. 2004లో తిరిగి నిలిపినారు. అందుకు పాత కొలతలు, ఛాయాచిత్రములు సాయపడినవి. కూలిన వంతెన కార్డును, కట్టిన వంతెన కార్డును పక్కపక్కన పెట్టి చూచినపుడు రెంటికిని భేదము వెంటనే కానరాదు. ఆ భేదమును చెప్పునది కార్డు వీపు.

కార్డు వీపును చదువు పద్ధతిని కొంత వివరించవలెను. తొలినాళ్ల కార్డులలో వెనుకభాగము చిరునామాకే ప్రత్యేకింపబడినది; కబురును బొమ్మ చుట్టునున్న ఖాళీలో ఇరికించి వ్రాయవలసివచ్చెడిది. 1902లో బ్రిటను, 1907లో అమెరికా వెనుకవైపును గీతతో రెండుగా విభజించి ఒక సగములో కబురు వ్రాయుటకు అనుమతించినవి. నడిమి గీత లేని కార్డు సాధారణముగా పాతది. తరువాత తపాలా బిళ్ల. దానిమీది రాజు ఏడవ ఎడ్వర్డో, అయిదవ జార్జో, ఆరవ జార్జో గుర్తించినచో కాలము కొంత తేలును. మన దేశమున 1957 ఏప్రిల్ 1 నుండి దశాంశ నాణెములు వచ్చినవి; 1964లో ‘నయా’ అను మాటను తొలగించినారు. బిళ్లపై వెల నయాపైసలలో ఉన్నచో దానిని ముద్రించినది ఆ ఏడేండ్లలోనే. అన్నిటికన్న విలువైనది తపాలా ముద్ర, అది ఊరిని, తేదీని ఒకేచోట చెప్పును. అన్నట్లు ‘చిరునామా’ అను మాటయే ఫారసీ ‘సర్‌నామా’ నుండి వచ్చినది. ఉర్దూ విద్యార్థులును, తెలుగు విద్యార్థులును కార్డు వీపుపై ఒకే మాట వ్రాయుచున్నారన్న సంగతి మాకెప్పుడును ముచ్చటగనే తోచును.

ఇంతవరకు ఉన్న కార్డులను గూర్చి చెప్పితిమి. లేని కార్డులను గూర్చియు ఆలోచింపవలసియున్నది. స్వతంత్ర భారతము 1949 ఆగస్టు 15న చారిత్రక శిల్ప నిర్మాణములతో పదునారు తపాలా బిళ్లల వరుసను వెలువరించినది. సాంచీ, కోణార్కము, బోధగయ, బిజాపూరు గోల్ గుంబజు, అమృతసరు స్వర్ణాలయము, ఎర్రకోట, కుతుబ్ మీనారు మున్నగునవి అందులో ఉన్నవి. తెలుగు నేలమీది కట్టడము ఒక్కటియు లేదు. నాడు హైదరాబాదు సంస్థానములోనున్న అజంతా మాత్రము ఉన్నది. అంతకు ముందే 1931లో హైదరాబాదు సంస్థానము తన బిళ్లపై చార్మీనారును వేసికొన్నది. దీనిని నిందగా చెప్పుట లేదు. బిళ్లపై ఎక్కవలసినదేదో ఏలువారు నిర్ణయించెదరు. కార్డుపై ఎక్కవలసినదేదో కొనువారి సంఖ్య నిర్ణయించును. యాత్రికుడు రాని చోటికి ఛాయాచిత్రకారుడు రాలేదు. ఆల్బములోని ప్రపంచము అమ్ముడుపోయిన ప్రపంచమే.

ఈ సంగతి మాకు తెలిసివచ్చిన సందర్భము కొంత నవ్వు పుట్టించునది. విదేశమునందున్న ఒక కార్డుల మిత్రుడు ‘మీ ఊరి చారిత్రక స్థలము కార్డును పంపుడు’ అని కోరినాడు. గొలుగొండ కార్డు మావద్ద లేదు. చేతనున్న చార్మీనారు కార్డును పంపి, అడుగున మా చిరునామా వ్రాసితిమి. అతడు భూగోళపటము తిరగవేసి, ‘వజ్రములకు పేరుపొందిన ఖిల్లా పక్కననే మీరుండుట ఎంత అదృష్టము!’ అని జవాబు వ్రాసినాడు. గొలుగొండను గోల్కొండ అనుకొన్నాడు పాపము. తప్పు అతనిది మాత్రమే కాదు. బ్రిటిషువారి రికార్డులలో మన ప్రాంతమును ‘గోల్గొండ’ అనియు వ్రాసినారు. పేర్లలో ఒక్క అక్షరమే భేదము. రోడ్డుపై దూరము ఐదువందల కిలోమీటర్లకు పైమాట. చరిత్ర విద్యార్థులు గ్రంథాలయమున పాత రికార్డులు చూచునపుడు ఈ జాగ్రత్త అవసరము.

అయితే గొలుగొండలో చూపదగిన చరిత్ర లేదా? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి ఆయుధములు తీసికొనిపోయిన అల్లూరి సీతారామరాజు సమాధి గొలుగొండ మండలములోని కృష్ణదేవిపేటలోనే ఉన్నది. ఆయన 1924 మే 7న కొయ్యూరు వద్ద కాల్చిచంపబడినాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటు వద్ద మన్యం వీరుల చేతిలో మరణించిన స్కాట్ కవర్డ్, హైటర్ అను బ్రిటిషు అధికారుల సమాధులు నర్సీపట్నమున ఉన్నవి. ఒకే పోరాటమునందలి ఇరుపక్షముల సమాధులను ఒక్క పూటలో చూచి రాదగిన ప్రాంతమిది. అయినను మా పెట్టెలో వెనీసు చౌకు కార్డులు మూడున్నవి. కృష్ణదేవిపేట కార్డు ఒక్కటియు లేకుండినది. ఈ లెక్క మేము చేసినపుడు సిగ్గు కలిగినది.

అందుచేత కొందరు విద్యార్థులతో కలిసి ఒక కార్డును మేమే తయారుచేయ తలపెట్టితిమి. ఇందులో గొప్ప విద్య ఏమియు లేదు. పద్నాలుగు సెంటిమీటర్ల పొడవు, తొమ్మిది సెంటిమీటర్ల వెడల్పు – పాత కార్డుల కొలత ఇదియే. ఛాయాచిత్రమును ఆ కొలతకు దళసరి కాగితముపై వేయించి, వెనుక నడిమి గీతను గీసితిమి. సేకరించువారు ‘మాక్సిమమ్ కార్డు’ అని ఒకదానిని గౌరవింతురు. బొమ్మ, బొమ్మవైపున అతికించిన తపాలా బిళ్ల, దానిపై పడిన ఊరి ముద్ర, ఈ మూడును ఒకే విషయమును చెప్పవలెనని దాని నియమము. సీతారామరాజు బొమ్మతో తపాలాశాఖ 1986లో బిళ్లను వెలువరించినది. ఆ బిళ్ల దొరికి, కృష్ణదేవిపేట ముద్ర స్పష్టముగా పడినచో మన కళాశాలకు ఒక మంచి కార్డు దక్కును.

దాచుకొను విధమును గూర్చి ఒకటి రెండు మాటలు. మన్యపు అంచున వానకాలము కాగితమునకు శత్రువు. బూజు, చెదలు, కాగితము తిను పురుగులు – ఒకదాని తరువాత ఒకటి వచ్చును. కార్డును జిగురుతో ఆల్బమునకు అతికింపరాదు. అట్లు చేసిన వీపు శాశ్వతముగా మూసుకొనిపోవును. నాలుగు మూలలు పట్టు కాగితపు మూలికలలో దోపవలెను. లామినేషను చేయించుట మంచిదని చాలమంది భ్రమ. ఒకసారి చేయించిన తరువాత దానిని విడదీయు ఉపాయము లేదు. అట్టపెట్టెను గోడకు ఆనించక, నేలకెత్తుగా, గాలి తగులుచోట ఉంచవలెను. తడిసిన కార్డును ఎండలో గాక నీడలో, అద్దుడు కాగితముల నడుమ ఆరనీయవలెను. బిళ్లకై నీళ్లలో నానవేయుట గురించి మరల చెప్పనక్కరలేదు.

మా మొదటి కార్డు వీపుపై కబురునకు ముందు ఇట్లు వ్రాసితిమి: కృష్ణదేవిపేట, గొలుగొండ మండలము, అనకాపల్లి జిల్లా, చిత్రము తీసిన తేదీ, వేళ, కెమెరా ఏ దిక్కునకు తిరిగియున్నది, తీసిన విద్యార్థి పేరు. దానిని చార్మీనారు పక్కన మేముందుమని నమ్మిన ఆ మిత్రునికే పంపితిమి. నెల దాటిన తరువాత అతని జవాబు వచ్చినది. అందులో ఉన్నది ఒకే ప్రశ్న: ‘ఈ సమాధి ఎవరిది?’ ఆ ప్రశ్నకు సమాధానము ఒక కార్డులో పట్టలేదు. రెండవ కార్డునకు ‘1’, ‘2’ అని అంకెలు వేసి పంపవలసివచ్చినది.