చీజ్ టోస్టు: వండడానికి ముందు చదవవలసిన కవరు

పాఠం ఉద్దేశం: పది నిమిషాలలో ఆరోగ్యకరమైన సాయంకాలపు అల్పాహారాన్ని తయారుచేయడం, బ్రెడ్, చీజ్ కవర్లపై ముద్రించిన వివరాలను చదివి అర్థం చేసుకోవడం.

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అయ్యంగార్ బేకరీ మసాలా టోస్టు చిరపరిచితమే. వెన్నతో కాల్చిన బ్రెడ్డుపై ఉల్లి, క్యారెట్, పచ్చిమిర్చి కలిపిన మసాలాను పరచి ఇస్తారు. దానికి కొంచెం చీజ్ చేర్చి ఇంటిలోనే చేసుకునే విధానం ఈ పాఠంలో ఉన్నది. చీజ్‌ను కొన్ని పుస్తకాలలో ‘జున్ను’ అని వ్రాస్తారు. కాని మన ఇండ్లలో జున్ను అనగా ఈనిన ఆవు, గేదెల ముర్రుపాలతో వండేది. కనుక ఇక్కడ చీజ్ అనే పేరునే వాడుతున్నాము.

1. కవరును చదవడం

మధుమేహం ఉన్న మా నాన్నగారి కోసం కొంతకాలం గోధుమరంగు బ్రెడ్డు కొని తెచ్చాను. ఒకనాడు ఆయన “ఇందులో ఏమేమి కలిపారో చదివి చెప్పమ్మా” అని అడిగారు. వెనుకవైపు చూస్తే మొదటి పేరు మైదా. ఆ రంగు క్యారమెల్‌ది. అనువాదమే వృత్తిగా గల నేను అన్నాళ్ళూ ముందువైపు పెద్ద అక్షరాలను మాత్రమే చదివాను.

మన దేశంలో ఆహారపు ప్యాకెట్లపై వివరాలు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని తప్పక ఉండాలి. ఇతర భాషలు అదనం మాత్రమే. అందువలన తెలుగు మాత్రమే చదవగలిగినవారు కూడ ఈ మాటలను గుర్తుపట్టడం అవసరం:

• హోల్ వీట్ ఆటా: పొట్టు తీయని గోధుమపిండి.
• రిఫైన్డ్ వీట్ ఫ్లోర్: మైదా.
• ప్రాసెస్డ్ చీజ్: చీజ్‌ను కరిగించి, కొన్ని లవణాలు కలిపి తిరిగి గట్టిపరచినది.
• అనలాగ్: పాలకొవ్వుకు బదులు వంటనూనె వంటివి కలిపి చేసినది.
• సోడియం: ఉప్పులో ఉండే పదార్థం.

పదార్థాల పట్టికలో అధిక బరువు గలది ముందు, తక్కువది తరువాత వస్తుంది. బ్రెడ్డు కవరుపై మొదటి పేరు హోల్ వీట్ ఆటా అయితేనే అది గోధుమ బ్రెడ్డు అని భావించాలి.

2. ఉప్పు లెక్క

చీజ్‌లో మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి. వాటితోపాటు కొవ్వు, ఉప్పు కూడ ఎక్కువే. పెద్దలు రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సోడియాన్ని 2.5తో హెచ్చిస్తే సుమారుగా ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాముల చీజ్‌లో 1400 మిల్లీగ్రాముల సోడియం ఉన్నదనుకుందాం. 20 గ్రాముల స్లైసులో 280 మిల్లీగ్రాములు, అనగా 0.7 గ్రాము ఉప్పు. బ్రెడ్డులోనూ ఉప్పు ఉంటుంది. కనుక టోస్టుకు వేరుగా ఉప్పు వేయనక్కరలేదు.

3. తయారుచేయు విధానం

ఇద్దరికి కావలసినవి: గోధుమ బ్రెడ్డు 2 స్లైసులు, చీజ్ 1 స్లైసు, చిన్న ఉల్లిపాయ, సగం క్యాప్సికం, గింజలు తీసిన టమాటా 1, తురిమిన క్యారెట్ 2 చెంచాలు, మిరియాల పొడి, అర చెంచా నెయ్యి.

కూరగాయలను సన్నగా తరిగి, మిరియాల పొడితో కలపాలి. మందపాటి పెనంపై నెయ్యి రాసి, సన్నని మంటమీద బ్రెడ్డును ఒకవైపు కాల్చాలి. తిరగవేసి, కాలిన వైపున కూరగాయలు పరచాలి. కాలిన వైపు గట్టిపడినందున తడి లోపలికి త్వరగా దిగదు. పైన ఒక్కొక్కదానికి అర స్లైసు చీజ్ ఉంచి, మూడు నిమిషాలు మూత పెట్టాలి. లోపలి వేడికి చీజ్ కరుగుతుంది, అడుగు మాడదు. మూత లేకుండ పెద్ద మంట పెడితే చీజ్ కరగకముందే బ్రెడ్డు నల్లబడుతుంది.

తల్లిదండ్రులు పనినుండి రాకముందే బడినుండి వచ్చే పిల్లలను ఒంటరిగా పొయ్యి వెలిగించనీయరాదు. కూరగాయలు తరిగి, మూతగల గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచితే, పెద్దలు వచ్చిన పది నిమిషాలలో టోస్టు సిద్ధమవుతుంది. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టివేసి, కిటికీలు తెరచి, విద్యుత్ స్విచ్చులు తాకక, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.

4. వంట ముగిసిన పిమ్మట

కూరగాయల తొక్కలు తడి చెత్తలో (హసి కస), బ్రెడ్డు, చీజ్ కవర్లు తుడిచి పొడి చెత్తలో (ఒణ కస) వేయాలి.

అభ్యాసం

1. మీ ఇంటిలోని బ్రెడ్డు కవరు తీసి, పట్టికలో మొదటి పేరు ఏదో వ్రాయండి.
2. 100 గ్రాముల చీజ్‌లో 1200 మిల్లీగ్రాముల సోడియం ఉంటే, 25 గ్రాముల ముక్కలో ఉప్పు ఎంత? (జవాబు: 0.75 గ్రాము)
3. చదవడం రాని పొరుగువారికి వారి ఇంటి కవరును చదివి వినిపించండి.